దేవనహళ్ళిలో ఒక పూట

బెంగుళూరులో శిక్షణ తరగతులు ముగిసిన మరునాడు విమానానికి ఇంకా ఏడు గంటల వ్యవధి ఉండగా, మా డిజైను విభాగం వారము ముగ్గురము దేవనహళ్ళికి బయలుదేరాము. ఇది 2018 నాటి మాట. విమానాశ్రయానికి వచ్చేవారు ఈ ఊరి పొలిమేర దాకా వస్తారే గాని ఊరిలో అడుగుపెట్టరు. చూడదగినవి లేకపోలేదు. రాతికోట ఉన్నది, టిప్పు సుల్తాను జన్మించినది ఇక్కడే. ఇక్కడి పంపరపనస పేరెన్నికగన్నది. సమీపాననే నందికొండలు, మన పెన్నానది పుట్టుక కూడా ఆ కొండల ప్రాంతమే. ఇన్ని ఉన్నా ఏడాది పొడుగునా పారే ఏరు మాత్రం ఈ ఊరికి లేదు.

కోటను కారులో నుంచే చూచి ముందుకు సాగాము. మేము చూడదలచినది ఊరి మానవ వ్యర్థాల శుద్ధి కేంద్రం. ఇటువంటి దానికి విహారయాత్ర ఏమిటని మా డ్రైవరు ఆశ్చర్యపోయాడు. అతనికి చెప్పని సంగతి ఒకటున్నది.

చాలా ఏళ్ళ క్రితం ఇటువంటి మెట్టప్రాంతపు చిన్న ఊరికే మేము ముగ్గురమూ కలిసి భూగర్భ మురుగు కాలువలు రూపొందించాము. ఊరి పేరు ఇక్కడ అనవసరం. మురుగు గొట్టాలున్న పట్టణంలో మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు ఇవ్వాలని కేంద్ర ప్రభుత్వపు మాన్యువల్ చెబుతుంది. మేము ఆ అంకెనే వేసుకున్నాము. గొట్టంలో మురుగు సెకనుకు 0.6 మీటరు వేగంతో పారితేనే అడుగున మడ్డి పేరుకోదు. లెక్క సరిగానే ఉన్నది, నీరే లేదు. మూడు రోజులకొకసారి కుళాయి వచ్చే ఊరిలో ఆ వేగం ఎక్కడ నుంచి వస్తుంది? రెండు వేసవులకే గొట్టాలు పూడుకుపోయాయి. ఒక సాయంకాలం మా కళ్ళెదుటే ఒక కార్మికుని నడుముకు తాడు కట్టి మ్యాన్‌హోలులోకి దింపారు. అతడు క్షేమంగానే పైకి వచ్చాడు. ఆ గీతలు గీసినది మేమేనన్నది అతనికి తెలియదు.

దేవనహళ్ళి జనాభా 2011 లెక్కల ప్రకారం సుమారు 28,000. ఇక్కడి ఇళ్ళకు సెప్టిక్ ట్యాంకులు, గుంతలే ఆధారం. అవి నిండినప్పుడు లారీ వచ్చి పీల్చుకొని పోయి, పొలాలలోనో బీళ్ళలోనో వదిలేది. ఆ బురద కోసం 2015లో ఈ కేంద్రాన్ని నెలకొల్పారు. పట్టణస్థాయిలో దేశంలో ఇదే మొదటిది, బెంగుళూరులోని సి.డి.డి. సొసైటీ దీనిని రూపొందించింది. సామర్థ్యం రోజుకు 6 ఘనపు మీటర్లు, అనగా ఒకటి రెండు లారీల సరుకు.

పంపుల మోత వినబడుతుందనుకున్నాము. వినబడలేదు. నేల వాలును ఆధారం చేసుకొని సరుకు తనంతట తానే దిగిపోతుంది. మొదట గాలి చొరని తొట్టెలలో కుళ్ళి మెత్తబడుతుంది. తరువాత ఇసుక, కంకర పరచిన పడకల మీదికి వస్తుంది. నీరు కిందికి ఇంకి వేరే శుద్ధికి పోతుంది. పైన మిగిలినది ఎండుతుంది. ఊరికి నీటి కరువు తెచ్చే ఎండే ఇక్కడ కూలి అడగని పనివాడు. మా పాత లెక్కలో దోషంగా నిలిచినది ఈ లెక్కలో మూలధనమయినది. అయితే ఎండినంత మాత్రాన నులిపురుగుల గుడ్లు చావవు. అందుకే దానిని ఊరి తడిచెత్తతో కలిపి కుప్ప వేస్తారు. కుప్పలో పుట్టే వేడి వాటిని చంపుతుంది.

అక్కడి పనివాడు తెలుగు తెలిసినవాడు. "వాసన రాదేమయ్యా?" అని అడిగాము. "ఎండినాక మన్నే కద సార్" అని దోసెడు ఎరువు తీసి చూపించాడు. మాలో ఒకరు ముందు వెనుకలాడి, ఆపైన చేయి చాచారు.

ఇది సమస్తానికీ మందు అని మేము అనము. స్నానాల నీరు, వంటింటి నీరు ఈ కేంద్రం దాకా రావు; వాటి దారి వేరే చూడవలసిందే. వానకాలంలో పడకలు ఆరడం ఆలస్యమవుతుంది. డీజిలు కలిసివస్తుందని లారీవాడు చీకట్లో ఏ చెరువు గట్టునో వదిలిపోతే, ఇక్కడి తొట్టెలు ఖాళీగా ఉంటాయి. మేము ఉండగానే వచ్చిన లారీ డ్రైవరును, గుంతలోకి మనిషి దిగే అవసరం తప్పినట్లేనా అని అడిగాము. "పైపుకు అందేవాటికి తప్పింది సార్" అన్నాడు. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని దింపడం 2013 నాటి చట్టం ప్రకారం నేరమని అతనికీ తెలుసు. మేమింకేమీ అడగలేదు.

తిరుగుదారిలో పంపరపనస పండ్ల కోసం చూచాము, దొరకలేదు. విమానాశ్రయం తనిఖీలో కాగితపు పొట్లం విప్పించి ఇదేమిటన్నారు. ఎరువన్నాము. అది మాలో ఒకరి ఇంటి మందార కుండీలో పడింది. ఎక్కడి ఎరువో ఇంట్లో చెప్పడానికి మాత్రం ఆయనకు మూడు నెలలు పట్టింది.