చంటిబిడ్డ నెత్తుటిబొట్టు

చంటిబిడ్డ కంట నీరు చూచిన మన మోర్వలేము. ఆ ప్రేమయే యొక్కొక్కప్పుడు బిడ్డకు కీడు తెచ్చునని నాకు అనుభవమువలన తెలిసినది.

మా అమ్మాయి తొలికాన్పునకు చిక్కడపల్లిలోని మా యింటికి వచ్చెను. నెలలు నిండినవి. ఉమ్మనీరు పోయి ఒక రేయి గడచినను కాన్పు కాలేదు, జ్వరము తగిలెను. ఆసుపత్రిలో నరముద్వారా ఆంపిసిలిన్ ఎక్కించిరి. తెల్లవారిన పిమ్మట మనుమరాలు పుట్టెను గాని పాలు త్రాగదు; ఊపిరి వేగముగా తీయుచుండెను. సూక్ష్మజీవులు నెత్తుటిలో చేరియుండునేమోయని వైద్యులు ఆంపిసిలిన్, జెంటామైసిన్ అను రెండు మందులు మొదలుపెట్టిరి.

బిడ్డ పుట్టకముందు బట్టలు కొనరాదని మా ఆచారము. కావున మరునాడు సుల్తాన్ బజారునకు పోయి మెత్తని నూలు జుబ్బాలు కొని వచ్చితిని. వచ్చుసరికి నర్సు సూదితో నిలిచియున్నది. జెంటామైసిన్ రెండవ మోతాదునకు ముందు నెత్తుటిలో మొదటిది ఎంత మిగిలినదో చూడవలెనట!

“ఉన్నదే గుక్కెడు నెత్తురు. అదియు తోడెదరా?” అని అడ్డుపడితిని.

లేడీ డాక్టరు కోపగింపలేదు. నన్ను కూర్చుండబెట్టి ఇట్లు చెప్పెను: “అమ్మా, మీ మాట నిజమే. మూడు కిలోల బిడ్డయందు పావులీటరు నెత్తురే యుండును. అందుచేతనే అర మిల్లీలీటరు మించి తీయము. గర్భిణికి నెత్తురు నూటికి 40, 50 వంతులు పెరుగును. మూత్రపిండములు చురుకుగా వడపోయును. మీ అమ్మాయికిచ్చిన మందు పలుచనై త్వరగా బయటికి పోవును. కొంత మాయను దాటి బొడ్డుత్రాటి వెంట బిడ్డను చేరును. తల్లి నెత్తుటిని, బొడ్డుత్రాటి నెత్తుటిని కొలిచియే ఈ సంగతులు కనుగొనిరి. చంటిబిడ్డ మూత్రపిండములన్ననో ఇంకను పక్వము కాలేదు. తల్లియందు తరిగిపోవు మందు బిడ్డయందు నిలిచిపోవును. జెంటామైసిన్ మితిమీరి నిలిచినచో మూత్రపిండములకు, లోపలి చెవికి హాని. అట్లు వచ్చిన చెవుడు సాధారణముగా తిరిగి పోదు.”

నేను మారుపలుకక చేయి తీసితిని. బిడ్డ కెవ్వున ఏడ్చి, క్షణములో ఊరకుండెను.

పిదప ఈ విషయమై కొంత చదివితిని. పెద్దలకు టైఫాయిడ్ జ్వరమున సంజీవనివంటిదైన క్లోరాంఫెనికాల్ పెద్దమోతాదులలో నెలతక్కువ బిడ్డలకిచ్చినప్పుడు, వారు బూడిదవన్నెకు తిరిగి మరణించిరని 1959లో అమెరికా వైద్యులు వెల్లడించిరి. పసి కాలేయము ఆ మందును మార్చి పంపజాలక పోయినది. భీమవరమున పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనలను నడపిన లెడర్లీ సంస్థనుండి 1948లో ఆరియోమైసిన్ లోకమునకు వచ్చెను. ఎందరినో బ్రతికించిన ఆ జాతి మందే గర్భము ముదిరిన పిమ్మట తల్లికిచ్చినచో బిడ్డ పండ్లకు మాయని పసుపువన్నె తెచ్చును. మందు మంచిదైన చాలదు. ఎవరికి, ఎంత, ఎప్పుడు అన్నదియు తెలియవలెను.

పూర్వము సూక్ష్మజీవులను పెంచిన పళ్లెముపై రోగి నెత్తుటి సారమునుంచి, అవి పెరుగక మిగిలిన వలయపు వెడల్పునుబట్టి మందును లెక్కించెడివారు. నేడు యంత్రములు కొద్ది చుక్కలతోనే చెప్పుచున్నవి.

ఫలితము వచ్చువరకు రెండవ మోతాదును ఆపిరి. సాయంకాలమునకు తెలిసినది: ఉండదగినదానికంటె మందు ఎక్కువగా మిగిలియున్నది! 24 గంటలకు ఈయవలసినదానిని 36 గంటలకు మార్చిరి. నా మాటయే నెగ్గియుండినచో ఏమగునో యని ఆ రాత్రి నాకు కంటికి కునుకు రాలేదు.

బిడ్డ కోలుకొన్నది. ఇంటికి పంపుటకు ముందు చెవులను పరీక్షించి బాగున్నవనిరి. ఇప్పుడు నా గాజులు గల్లుమన్నచో తల త్రిప్పి నవ్వుచున్నది. ఆ నవ్వు చూచినప్పుడెల్ల నాటి నా మొండితనము గుర్తువచ్చి సిగ్గుపడుదును.

సోదరీమణులారా! పురిటిగదిలో పెద్దదిక్కు మనమే. “వద్దు” అనుటకు ముందు “ఎందుకు?” అని అడుగుదము. బాలెంతరాలు వాడిన మందులన్నియు దాచక వైద్యులకు చెప్పుదము. ఒకరికిచ్చి మిగిలిన మందును వేరొకరికి, అందును పసివారికి, ఎన్నడును పోయకుందము.