ముంజకాయ బండి ఎత్తులో

2024 మే నెలలో సికింద్రాబాద్ నుంచి నరసాపురం వెళ్లే రైల్లో కాలు పెట్టే సందు లేదు. పదమూడో తారీఖున ఓట్లు. సెలవులకి అమ్మమ్మగారి ఊళ్లకి వెళ్లే పిల్లలూ, ఓటెయ్యడానికి వెళ్లే పెద్దలూ ఒకే బండెక్కారు. తెల్లారి నరసాపురం రేవులో పంటు ఎక్కి, వశిష్ఠ గోదావరి దాటి సఖినేటిపల్లిలో దిగాం. అక్కణ్ణుంచి రాజోలు వైపు ఆటో. మోటారు సైకిళ్లూ కార్లూ మనుషులూ కలిసి నది దాటే ఆ పంటు మీద నేను చాలా ఫోటోలు తీశాను. అన్నిట్లోనూ మావాళ్లు వరసగా నిలబడి నవ్వుతున్నారు. వాటిని ఆ తర్వాత పెద్దగా తెరిచి చూసిందీ లేదు.

నా దగ్గరున్న పాత ఫోన్ ఒకటి, సిమ్ లేనిది, మా తమ్ముడి కూతురి చేతికిచ్చాను. ఏడేళ్ల పిల్ల. సెలవులన్నాళ్లూ అది దాని జేబులోనే ఉంది.

ఆ పిల్ల తీసినవాటిలో మొహాలు తక్కువ. ముంజలు తినేసిన కాయలు రెండు తీసుకుని, మధ్యలో పుల్ల గుచ్చి, పంగల కర్రతో తోసుకుంటూ పోయే బండి ఉంటుందే, దాన్ని నేల మీద మోకరించి తీసింది. చక్రాల వెనక దుమ్ము, ఆ వెనక ఎవరివో పాదాలు. నులక మంచం కింద పడుకున్న కుక్క. వీటన్నిటికన్నా నన్ను కట్టిపడేసింది కాలువ ఫోటో. రబీ పంట చేతికొచ్చాక డెల్టా కాలువలకి నీళ్లు కట్టేస్తారు. పూడిక తీసుకునేదీ, తూములు బాగుచేసుకునేదీ అప్పుడే. జూన్‌లో మళ్లీ వదులుతారు. ఎండిన ఆ కాలువలోకి దిగి, అడుగున నిలబడి, రేవు మెట్లని కిందనుంచి పైకి తీసింది. పాచి ఎండిన చివరి మెట్లు, గట్టు అంచున బయటపడ్డ కొబ్బరి వేళ్లు. నా చిన్నతనమంతా ఆ రేవులో ఈతలు కొట్టాను గానీ అడుగునుంచి రేవు ఎలా ఉంటుందో ఏనాడూ చూడలేదు.

ఆవకాయ కలిపిన రోజు గురించి చెప్పాలి. కొత్తపల్లి కొబ్బరి మామిడికాయలు తెల్లవారుజామునే వచ్చాయి. మావయ్య కత్తిపీట ముందు కూర్చుని టెంకతో సహా ముక్కలు కొడుతున్నాడు. పిల్లలు జీడి తీసి, టెంక లోపలి పొర గీకి, పొడిగుడ్డతో తుడిచి ఇస్తున్నారు. వసారాలో పెద్దమ్మ పెద్ద బేసిన్ ముందేసుకుని కారం, ఆవపిండి, ఉప్పు కలుపుతోంది. నేను ఫోన్ పట్టుకుని, "పెద్దమ్మా, ఒక్కసారి ఇటు చూడు" అన్నాను.

"చూస్తే చెయ్యాగుద్దే" అంది, తలెత్తకుండా.

ఆ మాట నాకు బాగా నాటుకుంది. సెలవులు మనవి. ఊళ్లో వాళ్లకి మాత్రం మే నెల ఊపిరాడని పనికాలం. ఆవకాయ, మాగాయ, వడియాలు, ఏడాది చింతపండు అన్నీ ఆ ఎండల్లోనే అవ్వాలి. ఇటు చూడమంటే పెద్దమ్మ పమిట సర్దుకుని, చేతులు దాచుకుని, బిగుసుకుపోతుంది. అలాంటి ఫోటోలు మా ఇంట్లో బోలెడున్నాయి. వాటిలో ఉన్నది పెద్దమ్మేనని చెప్పగలం, అంతకుమించి ఏమీ చెప్పలేం.

పాత ఫోన్‌లో మాత్రం పెద్దమ్మ దొరికింది. నేల మీద కూర్చుని తీసిన ఫోటో. బేసిన్ అంచు, మణికట్టుదాకా ఎర్రబడ్డ కుడిచెయ్యి, అంచుని ఒడిసిపట్టిన ఎడమచెయ్యి, ఆ చూపుడువేలి గోరు మీద ఓటు సిరా గీత. మొహం సగమే ఉంది. ఆ ఏడాది, ఆ వారం, ఆ మనిషి మూడూ అందులో ఉన్నాయి.

వెలుతురు సంగతీ ఒకటుంది. నీడపట్టున తీస్తే ఫోన్ తనంతట తానే బొమ్మని వెలిగించేస్తుంది. ఆవకాయ ఎరుపు కాస్తా నారింజలోకి దిగిపోతుంది. ఎర్రటి చోట వేలు నొక్కి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కిందికి జరిపితే అసలు రంగు వస్తుంది. పిల్లకి ఇవేవీ తెలియవు. దానికి కావలసింది ఆ చెయ్యే కాబట్టి చెయ్యి మీదే వేలు పెట్టింది. వెలుతురు కూడా దానికే కుదిరింది.

ఆ సెలవుల్లోనే అంతర్వేది వెళ్లి, అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గరా, గుడి ముందరా అందరం తీసుకునే ఫోటోలే తీసుకున్నాం. అక్కడ మావయ్య తన ఫోన్‌లోంచి 2018 వేసవి ఫోటో ఒకటి చూపించాడు. పిల్లలు ఐస్ పుల్లలు చీకుతుంటే ఊరికే తీసింది. వాళ్ల వెనక గుడి పాత టేకు రథం కొంత కనబడుతోంది. 2020 సెప్టెంబరులో ఆ రథం కాలిపోయింది, మరుసటేడు కొత్తది ప్రారంభించారు. ఇప్పుడా ఫోటో చూసేవాళ్లెవరూ పిల్లల్ని చూడరు.

ఊరికే తీసినవాటిని ఊరికే పోనివ్వకూడదని నేను గట్టిగా అంటాను. బంధువుల వాట్సాప్ గ్రూపులో మామూలుగా పంపితే ఫోటో నలిగిపోతుంది, సన్నసన్న వివరాలు చెదిరిపోతాయి, తీసిన తేదీ కూడా దానితో వెళ్లదు. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నదున్నట్టు వెళుతుంది. పిల్ల తీసిన ఆవకాయ ఫోటోలన్నీ మావయ్యకి అలాగే పంపాను.

అవి 2025 మే నెలలో అక్కరకొచ్చాయి. ఉప్పు దగ్గర పెద్దమ్మకీ అత్తయ్యకీ మాట తేడా వచ్చింది. కిందటేడు జాడీ ఏడాదంతా చెక్కుచెదరలేదు కాబట్టి అదే కొలత కావాలని ఇద్దరి పట్టూ. సోల నిండా పోశామని అత్తయ్య, వెలితిగా పోశామని పెద్దమ్మ. మావయ్య ఫోటో తెరిచి వేళ్లతో పెద్దది చేశాడు. బేసిన్ వెనక, కాగితం మీద ఇత్తడి సోల. ఉప్పు అంచుకి వేలెడు కిందనే ఉంది.

"తర్వాత మళ్లీ వేశారేమో వదినా" అంది అత్తయ్య.

పిల్ల ఒకదాని తర్వాత ఒకటి నొక్కుతూనే పోయింది కాబట్టి తర్వాతి ఫోటోలూ ఉన్నాయి. అన్నీ వరసగా చూశాం. సోల ఖాళీ అయింది, ఉప్పు డబ్బాకి మూత పడింది, ఆఖరిదాకా ఆ మూత లేవలేదు. అత్తయ్య సోల అందుకుని వేలెడు వెలితిగా ఉప్పు కొలిచింది.