బండి ధర పడింది, పార్టుల ధర పడలేదు

లగ్జరీ బండి పాతబడితే దాని ధర పడిపోతుంది. దానిలోని పార్టుల ధర మాత్రం పడదు. ఈ ఒక్క సంగతి పట్టించుకోక డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళు చాలామంది చేతులు కాల్చుకోవడం చూశాను. కొత్తలో 70 వేల డాలర్లు పలికిన ఎస్‌యూవీ పదేళ్ళ తర్వాత 12 వేలకి వస్తోందంటే ఎవరికైనా నోరూరుతుంది. తోలు సీట్లు, పైన అద్దాల కప్పు, గాలి మీద తేలే సస్పెన్షన్, ఇవన్నీ పాత కామ్రీ ధరకే! మొదటి రిపేరుకి తీసుకెళ్ళిన రోజున తెలుస్తుంది, మెకానిక్ దృష్టిలో అది ఇంకా 70 వేల బండేనని.

ఇంత తెలిసీ నేను నడిపేది అలాంటి బండే. 2006 మోడల్ లెక్సస్ జీఎక్స్ 470. 2 లక్షల 30 వేల మైళ్ళు దాటింది, అంటే దాదాపు 3 లక్షల 70 వేల కిలోమీటర్లు. పైన బ్యాడ్జి లెక్సస్‌దే అయినా అడుగున ఉన్నది టొయోటా ల్యాండ్ క్రూజర్ ప్రాడో. 4.7 లీటర్ల వి8 ఇంజిన్, అప్పట్లో టొయోటా వాళ్ళ టండ్రా ట్రక్కుకీ పెద్ద ల్యాండ్ క్రూజర్‌కీ వాడినదే. కింద లారీకి ఉన్నట్టే విడిగా ఉక్కు ఛాసిస్, దాని మీద కూర్చోబెట్టిన బాడీ. పాత లగ్జరీ బండి కొనాలని ముచ్చటపడేవాళ్ళకి నేను చెప్పే మొదటి మాట ఇదే: తోలు సీట్ల సంగతి తర్వాత, కింద దూరి చూడండి.

ఈ బుద్ధి నాకు విజయవాడ ఆటోనగర్ పక్కన పెరగడం వల్ల వచ్చింది. మా నాన్నకి లారీలుండేవి. లారీ బేరానికి వచ్చినవాళ్ళు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని అడగడం నేనెప్పుడూ వినలేదు. మీటరు పనిచేస్తే కదా! ఇంజిన్ బోరు ఎప్పుడు చేయించారు, కమాన్లు ఎప్పుడు మార్చారు, డ్రైవర్ ఎవరు అని అడిగేవాళ్ళు. ఇక్కడ అమెరికాలో మనవాళ్ళు మైళ్ళ అంకె చూసి, లక్ష దాటిందనగానే చెయ్యి వెనక్కి తీసుకుంటారు. సర్వీసు కాగితాలే లేని 90 వేల మైళ్ళ బండి కన్నా, ప్రతి రసీదూ దాచిపెట్టిన 1 లక్షా 80 వేల మైళ్ళ బండి నాకు నయం. నిజానికి ఈ వయసు బండి చేతులు మారితే మీటరు అంకెని అమ్మేవాడు రాసివ్వాల్సిన పని కూడా లేదు. 2010, అంతకు ముందు మోడళ్ళకి ఆ చట్టం నుంచి మినహాయింపుంది.

కాగితాల్లో ముందు వెతకాల్సింది టైమింగ్ బెల్టు. ఈ ఇంజిన్‌లో అది రబ్బరుది, 90 వేల మైళ్ళకి ఒకసారి మార్చమని తయారీదారే చెబుతాడు. అంటే 1 లక్షా 80 వేల దగ్గర రెండోది, 2 లక్షల 70 వేల దగ్గర మూడోది. బెల్టు దాకా వెళ్ళాలంటే ఫ్యాను దగ్గర్నుంచి ముందువైపంతా విప్పాలి కాబట్టి, పనిలో పనిగా వాటర్ పంపు, టెన్షనర్, పుల్లీలు కూడా మార్చేయడం రివాజు. సామాను ఖరీదు కన్నా అక్కడిదాకా చెయ్యి పోవడానికయ్యే కూలీ ఎక్కువ. గడువు దగ్గరపడిన బెల్టుతో బండిని అమ్మకానికి పెట్టేవాళ్ళు కొల్లలు. ఆ ఖర్చు కొనేవాడి నెత్తిన పడుతుంది.

బెల్టు రోజులు దగ్గరపడ్డప్పుడు ఒక డీలర్ దగ్గర ఎస్టిమేట్ వేయిస్తే అన్నీ కలిపి రెండు పేజీల జాబితా ఇచ్చారు. కింద ఉన్న అంకె బండి అమ్మితే వచ్చేదాంట్లో సగం దాటింది. ఆ కాగితం పట్టుకుని గార్లండ్‌లో ఒక వియత్నామీ పెద్దాయన షెడ్డుకి వెళ్ళాను. ఆయన బండి లిఫ్టు మీదికెక్కించి, టార్చి వేసి చూసి, పెన్నుతో సగం కొట్టేశారు. ఆయిల్ లీకు అని రాసినచోట వేలు పెట్టి చూపించి, ఇది చెమర్చడం, కారడం కాదు, కారినప్పుడు రా అన్నారు. ఇరవయ్యేళ్ళ ఇంజిన్ మీద ఆ మాత్రం తడి ఉంటుందట. ఏది ఇప్పుడు చేయించాలో, ఏది వచ్చే ఏడాదికి వదిలేయాలో, ఏది ఎప్పటికీ ముట్టుకోకూడదో చెప్పే మనిషి దొరకనిదే ఈ బండి జోలికి పోకూడదు. నన్నడిగితే బండి కన్నా ముందు మెకానిక్‌ని వెతుక్కోవాలి.

ఆయనే ఇంకో బాధ కూడా తీర్చారు. సిగ్నల్ దగ్గర బండి పూర్తిగా ఆగిన మరుక్షణం వెనక నుంచి చిన్న కుదుపు వచ్చేది. గేర్‌బాక్స్ పోయిందని భయపెట్టినవాళ్ళున్నారు. పెద్దాయన ప్రొపెల్లర్ షాఫ్టుకి గ్రీజు గన్ పెట్టి నాలుగు నొక్కులు నొక్కారు, కుదుపు పోయింది. ఈ తరం కార్లలో గ్రీజు కొట్టే నిప్పిళ్ళు ఉండవు గనక, పది నిమిషాల్లో ఆయిల్ మార్చి పంపే చోట్ల ఆ సంగతే ఎవరికీ గుర్తుండదు.

లగ్జరీ బండిలో ముందుగా చచ్చేది లగ్జరీయే. ఇంజిన్ నిక్షేపంగా ఉంటుంది. తలుపుల లాకు మోటార్లు, సీటు మోటార్లు, వెనకాల ఎయిర్ స్ప్రింగులు ఒక్కొక్కటే సెలవు తీసుకుంటాయి. టెక్సాస్ ఎండకి ఇరవయ్యేళ్ళు నిలిచిన రబ్బరుని తప్పుపట్టలేం. ఎయిర్ స్ప్రింగులు పగిలి పొద్దున్నే బండి వెనక్కి కుంగి కనబడ్డప్పుడు, మళ్ళీ అవే వేయించకుండా మామూలు ఇనప కాయిల్ స్ప్రింగులు వేయించాను. స్పీడ్ బ్రేకర్ మీద తేడా నడుముకి తెలుస్తుంది, పర్వాలేదు. నావిగేషన్ తెర మాత్రం భేషుగ్గా పనిచేస్తోంది, కాకపోతే దాని మ్యాపులు డీవీడీలో ఉన్న పాతవి. 2000లో 34 వేల లోపు జనాభా ఉన్న మా ఊరు ఫ్రిస్కో 2020కల్లా 2 లక్షలు దాటింది. మా తెరకి ఆ కబురు అందలేదు. ఇంటికొచ్చి గ్యారేజీలో ఆపితే, పొలం మధ్యలో ఆపినట్టు చూపిస్తుంది.

వెనక తలుపు గురించి ఒక మాట. పైకి లేవదు, బీరువా తలుపులా పక్కకి తెరుచుకుంటుంది, కీళ్ళు కుడివైపు. జపాన్‌లో ఎడమ పక్కన ఆపుతారు కాబట్టి ఫుట్‌పాత్ మీద నుంచే సామాను పెట్టుకోవచ్చు. ఇక్కడ కుడి పక్కన ఆపితే తెరిచిన తలుపు మనకే అడ్డం. బెజవాడలోనైతే అచ్చంగా సరిపోయేది.

ఇక డబ్బు లెక్క. "అక్కా, దాని రిపేర్లకి పోసే డబ్బుతో కొత్తది రాదా?" అని అడుగుతారు. వేసి చూద్దాం. 60 వేల డాలర్లు 7 శాతం వడ్డీకి 72 నెలల అప్పు తీసుకుంటే నెలకి 1,020 డాలర్ల పైన కట్టాలి, ఏడాదికి 12 వేల పైచిలుకు. నా బండి గాలన్‌కి 15 మైళ్ళిస్తుంది, లీటరుకి ఆరు కిలోమీటర్ల చిల్లర. సిగ్గుపడాల్సిన అంకే. ఏడాదికి 12 వేల మైళ్ళు తిరిగితే 800 గాలన్లు. 35 మైళ్ళిచ్చే హైబ్రిడ్‌కి 340 చిల్లర చాలు. గాలన్ 3 డాలర్లనుకుంటే తేడా 1,400 డాలర్ల లోపు. దానికి రెండు మూడు వేల రిపేర్లు కలుపుకున్నా కొత్త బండి వాయిదాల్లో సగానికి రాదు. మూడేళ్ళ హెచ్1బీ వీసా చేతిలో పెట్టుకుని ఆరేళ్ళ అప్పు చేసేవాళ్ళని చూస్తే నాకు గుండె దడ. అప్పు లేకుండా పాత హైబ్రిడ్ కొనుక్కుంటే ఇంకా చౌక కదా అంటారా? చౌకే. లెక్క ఒక్కటే చూసుకుంటే నేను కామ్రీ నడపాలి.

ఈ లెక్క ఇన్సూరెన్స్ వాళ్ళకి నచ్చదు. ఉత్తర టెక్సాస్‌లో వసంతమంటే వడగళ్ళ కాలం. సొట్టలు తీయించే ఖర్చు బండి విలువ దాటితే, అది పరుగెత్తే బండైనా సరే టోటల్ లాస్ అని రాసేస్తారు. కాబట్టి మబ్బు పట్టిన సాయంత్రాల్లో గ్యారేజీ నాది, వీధిలో దుప్పటి కప్పుకునేది మా ఆయన కొత్త ఎలక్ట్రిక్ కారు. ఇది మా ఇంట్లో తెగని పంచాయితీ.

ఇక తనిఖీల సంగతి. 2025 జనవరి 1 నుంచి టెక్సాస్‌లో సొంత బండ్లకి ఏటా చేసే సేఫ్టీ తనిఖీ ఎత్తేశారు. డాలస్, కాలిన్, డెంటన్ లాంటి కౌంటీల్లో పొగ పరీక్ష మాత్రం ఉంది, 24 ఏళ్ళు దాటిన బండ్లకి లేదు. చెక్ ఇంజిన్ లైటు వెలిగితే పాస్ చేయరు. బ్యాటరీ పీకేసి లైటు ఆర్పుదామనుకుంటే, కంప్యూటర్ తన పరీక్షలన్నీ మళ్ళీ పూర్తిచేసుకునేదాకా తిప్పి పంపేస్తారు. ముందు పెట్రోలు మూత బిగించి చూడండి. చాలాసార్లు అదే.

దసరాకి గుడి దగ్గర వాహన పూజకి తీసుకెళితే వరసలో అన్నీ ప్లాస్టిక్ కవర్లు విప్పని కొత్త కార్లే. పూజారిగారు ఒకసారి బండినీ ఒకసారి నన్నూ చూసి, దీనికి ఇంకో నిమ్మకాయ ఎక్కువ పెడదామమ్మా అన్నారు.

ఒహాయోలో ఉంటున్న మా పిన్ని కొడుకు ఇలాంటిదే కొంటానని ఫోన్ చేశాడు. అక్కడ కొనకురా అన్నాను. మంచుకి రోడ్ల మీద చల్లే ఉప్పు ఛాసిస్‌ని తినేస్తుంది, ఇంజిన్ ఎంత బావున్నా ఉక్కు పొరలు పొరలుగా రాలిపోతే చేసేదేం లేదు. దక్షిణాది బండే చూసుకోమన్నాను. అందులోనూ హ్యూస్టన్ వైపుదైతే 2017 హరికేన్ హార్వీ వరదలో మునిగిందేమో, సీటు కింద బోల్టులకి తుప్పుందేమో చూడమన్నాను.

వాడికి చెప్పిన ధర విని నాకే ఆశ్చర్యమేసింది. కొండల్లో, రాళ్ళల్లో బండ్లు తోలే కుర్రకారుకి ఈ మోడల్ మీద మోజు పెరిగి రేటు ఎక్కిందట. పెట్రోలు బంకులో ఆగినప్పుడు నన్నూ అడుగుతున్నారు, అమ్ముతారా అని. ఇన్నాళ్ళూ ఎప్పుడు వదిలించుకుందాం అంటూ వచ్చిన మా ఆయన, ఇంకో రెండేళ్ళు ఆగితే ఎంత వస్తుందో చూడటానికి స్ప్రెడ్‌షీటులో దీనికో వరస తెరిచారు. వెనక బ్రేకులు చేయించాలి, అది కూడా ఆ వరసలోనే రాయమన్నాను.