ఇండియా హౌసు: చంటిబిడ్డ పాసుపోర్టు

లండను మహానగరమున స్ట్రాండు అను రాజవీథి చెంత అర్ధచంద్రాకారముగా వంగిన వీథి యొకటి కలదు. దాని పేరు ఆల్డ్‌విచ్. పాత పేట యని యా పేరున కర్థము. పేరు ప్రాచీనమైనను వీథి మాత్రము 1905వ సంవత్సరమున తెరువబడినది. అచట తెల్లరాతితో గట్టిన యొక భవనముపై మన మువ్వన్నెల జెండా యెగురుచుండును. అదియే ఇండియా హౌసు. క్రొత్త ఢిల్లీలో సచివాలయ భవనములను నిర్మించిన సర్ హెర్బర్టు బేకరే దీనికిని శిల్పి. 1930వ సంవత్సరమున ఐదవ జార్జి చక్రవర్తి దీనిని తెరచెను. వెలుపలి గోడలపై ఆనాటి రాష్ట్రముల చిహ్నము లమర్చబడి యున్నవి. లోపలి కుడ్యచిత్రములను రణద ఉకీల్, ధీరేంద్రకృష్ణ దేవవర్మ, సుధాంశు చౌధురి, లలితమోహన సేన్ అను నలుగురు మనదేశపు చిత్రకారులే వ్రాసిరి. 1947వ సంవత్సరము మొదలు ఈ భవనము స్వతంత్ర భారతదేశపు హైకమీషనుగా నున్నది. కాగితముల కట్టలు చంకబెట్టుకొని వచ్చువారు తలయెత్తి ఆ చిత్రములను చూచుట అరుదు. ఎవరి యాదుర్దా వారిది.

అట్లు వచ్చువారిలో చంటిబిడ్డల తల్లు లనేకులు. ఇంగ్లండున పుట్టిన శిశువు పుట్టుకచేతనే ఆంగ్లేయ పౌరుడగునని మన యిండ్లలో పలువురు తలంతురు. పూర్వ మది చాలవరకు నిజమే. 1981వ సంవత్సరపు శాసనము 1983 జనవరి 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన పిదప ఆ విధి మారినది. తల్లిగాని తండ్రిగాని బ్రిటిషు పౌరులైనను, ఆ దేశమున శాశ్వత నివాసము పొందినవారైనను గావలెను. చదువునకో ఉద్యోగమునకో కొన్నియేండ్ల యనుమతితో వచ్చినవారి బిడ్డ కా హక్కు పుట్టుకతో రాదు. కావున మనము కోరి తెచ్చుకొనువరకు ఆ పసికందు చేత ఏ దేశపు పాసుపోర్టును లేదు.

మా చిన్నది పుట్టినప్పుడు మా స్థితియు నిదియే. రాజమహేంద్రవరమున మా అత్తగారు కాలు విరిగి మంచము పట్టి యుండిరి. ఆమె ప్రయాణము చేయజాలరు. మనుమరాలి అన్నప్రాశనము తన కన్నులయెదుట జరుగవలెనని ఆమె కోరిక. ఆడపిల్లకు బేసి నెల గావలెను గనుక ఏడవ నెలలో ముహూర్తము నిశ్చయించి వ్రాయించిరి. మా చేత నున్న కాల మంతియే.

మొదటి మెట్టు జనన నమోదు. ఇంగ్లండున బిడ్డ పుట్టిన 42 దినములలో ఆ ప్రాంతపు రిజిస్ట్రారు కచేరిలో వ్రాయింపవలెను. ఈ పద్ధతి 1837 జూలై 1వ తేదీన మొదలైనది. ఇండియా హౌసునకు కూతవేటు దూరమున నున్న సోమర్‌సెట్ హౌసులోనే బహుకాలము ఆ దేశపు జనన మరణముల పట్టికలు భద్రము చేయబడెను. మన నామకరణము ఇరువదియొకటవ దినమున జరిగినను గడువు మిగిలియే యుండును. ధ్రువపత్రములు రెండు విధములు: చిన్నది, పూర్ణమైనది. చిన్నదానియందు తలిదండ్రుల పేర్లుండవు. పాసుపోర్టు పనికి పూర్ణపత్రమే కావలెను.

ఇచట తెలుగువారికి తెలిసిన చిక్కొకటి కలదు. మన యింటిపేరు ముందు వచ్చును, పెట్టిన పేరు వెనుక వచ్చును. పొరుగుదేశపు గుమాస్తా "కడపటి పేరేమి?" యని యడుగును. అలవాటు చొప్పున చెప్పితిమా, పిల్లపేరే ఇంటిపేరై కూర్చుండును. పెక్కుమంది స్త్రీల పాసుపోర్టులలో ఇంటిపేరు పుట్టినింటిది. భర్త పాసుపోర్టులో నది వేరుగా నుండును. బిడ్డపేరు ఏ యక్షరములతో వ్రాయవలెనో భార్యాభర్తలు ముందే కాగితముపై వ్రాసికొని పోవుట మేలు. మేమట్లు వ్రాసికొనిపోయి రిజిస్ట్రారు ముందుంచగా ఆమె నవ్వి, అక్షరమక్షరము చూచి వ్రాసెను.

రెండవ మెట్టు బిడ్డ భారతీయురాలని మన ప్రభుత్వమువారి యొద్ద నమోదు చేయించుట. ఇందలి చరిత్ర సోదరీమణు లెఱుగదగినది. 1955వ సంవత్సరపు పౌరసత్వ శాసనము ప్రకారము విదేశమున పుట్టిన బిడ్డకు తండ్రినిబట్టియే పౌరసత్వము సంక్రమించెడిది. తల్లి భారతీయురాలైనను ఆమె రక్తమునకు లెక్కలేదు. 1992 డిసెంబరు 10వ తేదీనుండి తల్లియైనను తండ్రియైనను సమానమని శాసనమును సవరించిరి. 2004 డిసెంబరు 3వ తేదీనుండి మరియొక నియమము చేరినది. పుట్టిన యేడాదిలోపల మన దౌత్యకార్యాలయమున జననము నమోదు కావలెను. బిడ్డకు వేరొక దేశపు పాసుపోర్టు లేదని తలిదండ్రులు వ్రాసి యియ్యవలెను. ఏడాది దాటినచో కేంద్రప్రభుత్వపు అనుమతి కావలసి వచ్చును. బాలెంతతనములో దినము లెట్లు గడచునో తెలియదు. ఈ గడువు మాత్రము మరువరాదు.

తరువాత ఛాయాపటము. తెల్లని వెనుకభాగము, తెరచిన కన్నులు, మూసిన నోరు, పట్టుకొనిన చేయి కనబడరాదు. రెండునెలల శిశువునకు ఈ నియమములు చదివి వినిపించు వా రెవరు? తెల్లదుప్పటి పరచి దానిపై పరుండబెట్టి, పాలు త్రాగి తృప్తిగా నున్న వేళ పైనుండి తీయుట సులభోపాయము. మొగమునకు కాటుక, దిష్టిచుక్క లేకుండుట మంచిది. సంతకము చేయలేని శిశువునకు వేలిముద్ర వేయింతురు: మగబిడ్డకు ఎడమ బొటనవ్రేలు, ఆడబిడ్డకు కుడి బొటనవ్రేలు. పసిపిల్లల పిడికిలి బిగువు తల్లులెఱిగినదే. మెలకువగా నున్నప్పుడు మావలన గాలేదు. నిద్రపోవుచుండగా వ్రేలు మెల్లగా విప్పి సిరా అద్ది ముద్ర వేసితిమి. ధనియపుగింజంత యా ముద్రయే అది తన జీవితమున చేసిన మొదటి సంతకము.

బిడ్డకు పాసుపోర్టు ఇచ్చుటకు తలిదండ్రు లిరువురును సమ్మతించినట్లు ప్రమాణపత్రముపై చేవ్రాలు చేయవలెను. మాతో పరిచయముగల గుంటూరు సోదరి యొకతె యీ మాట విని కంట నీరు పెట్టుకొనెను. ఆమె భర్త ఆమెను విడిచి పోయెను; సంతకమునకు జాబులు వ్రాసినను ప్రత్యుత్తరము లేదు. పుట్టింటికి పోవలె నన్న బిడ్డకు కాగితము లేదు. బిడ్డను విడిచి తాను పోజాలదు. అట్టి తల్లికిని మార్గము కలదు. రెండవవారి సమ్మతి ఏల దొరకలేదో తెలుపుచు ఒక్కరే వ్రాసియిచ్చు ప్రమాణపత్రము వేరుగా నున్నది. న్యాయస్థానమున వివాదమున్నచో దాచక తెలుపవలెను. 2016 డిసెంబరులో మన విదేశాంగశాఖవారు దరఖాస్తున తల్లి పేరుగాని తండ్రి పేరుగాని యొక్కటి చాలుననియు, ప్రమాణపత్రములు సాదాకాగితముపై వ్రాసి స్వయముగా సంతకము చేసిన చాలుననియు ప్రకటించిరి. ఆ సోదరి అట్లే చేసెను. అధికారులు అడిగినవాని కన్నిటికిని తొణకక బదులు చెప్పెను. కొన్ని వారములకు బిడ్డ పాసుపోర్టు ఆమె చేతికి వచ్చినది. ఆమె దానిని మాకు చూపినప్పుడు మాట రాక నిలిచితిమి.

మాకును వచ్చినది. అంతటితో పని ముగియలేదు. ఇంగ్లండున పుట్టిన శిశువు అచటనే యున్నంతకాలము చిక్కులేదు గాని, దేశము విడిచి తిరిగి వచ్చుటకు తలిదండ్రులవలె దానికిని అనుమతి యుండవలెను. దానినిగూడ చూచుకొనియే బయలుదేరితిమి. అత్తగారు మంచముపై కూర్చుండి మనుమరాలికి వెండిగిన్నెలో పరమాన్నము నాకించిరి.

విదేశములకు పోవు కుమార్తెలుగల తల్లులకు మా విన్నపము. మన పెండ్లిండ్లకు అగ్నిసాక్షి కలదు గాని కాగితపు సాక్షిని పలువురు అశ్రద్ధ చేయుదురు. ఆంధ్రదేశమున 2002వ సంవత్సరపు శాసనమే వివాహ నమోదును విధించినది. సారెతో గూడ ఆ పత్రమును పిల్ల పెట్టెలో నుంచుడు. మనుమలు పుట్టిన వెంటనే పేరు, అక్షరములు, గడువులు చూచుకొమ్మని హెచ్చరింపుడు. పసిపిల్లల పాసుపోర్టు ఐదేండ్లకే చెల్లును. ఆలోపల పటములోని బోసినోరు పలువరుసగా మారి, చూచిన యధికారి పటమును, పిల్లను మార్చి మార్చి చూచి నవ్వును. అప్పటికి మరల క్రొత్తది కోరుకొనవలెను. ఈ మారు పిల్ల తన పేరు తానే వ్రాయును.