పీఠం దిగే విద్య

పీఠం ఎక్కాలని అందరికీ ఉంటుంది. దిగడం దగ్గరే వస్తుంది చిక్కు. మా అబ్బాయి కొత్త సైకిలుకు ఆ చిక్కు లేదు. హ్యాండిలు మీది మీట నొక్కి కూర్చుంటే సీటు కిందికి దిగుతుంది. లేచి నొక్కితే తనంతట తనే పైకి వస్తుంది.

"ఇదెందుకురా?" అన్నాను.

"కాలు చాచి తొక్కాలంటే సీటు ఎత్తుగా ఉండాలి నాన్నా. నిటారు పల్లంలో అదే ఎత్తున కూర్చుంటే బోర్లా పడతాం!"

వాడన్నది నిజమే. 2022లో ఇటలీలో జరిగిన మిలాన్–సాన్ రెమో పందెంలో స్లొవేనియా వాడు మాతెయ్ మొహోరిచ్ ఆఖరి గుట్ట దిగుతూ సీటు దించుకుని, దూసుకుపోయి గెలిచాడు. ఎక్కి గెలిచినవారు బోలెడుమంది. ఇతడు దిగి గెలిచాడు.

అబ్బాయి ఈమధ్య నన్ను మించి పొడుగయ్యాడు. ప్రతి మాటకూ ఎదురు చెబుతున్నాడు. "మీ పీఠానికీ అలాంటి మీట ఒకటి బిగించుకోండి" అంటోంది మా ఆవిడ.

వెతుకుతున్నాను.