నా థీసిస్ – మా పల్లె

పీహెచ్‌డీ వచ్చిందని పల్లెలో తెలిసిన సాయంత్రం అమ్మ అడిగింది: "ఇన్నేళ్లూ ఏం రాశావురా? మాకూ సెప్పు."

నాకు నోరు పెగల్లేదు.

సెమినార్లలో ఇరవై నిమిషాలు ఇంగ్లీషులో గడగడా చదివినోణ్ణి. 'అస్తిత్వ నిర్మాణం' అంటే పెద్దోళ్లు తలలూపేవాళ్లు. పరిశోధనలో 'నేను' కనపడకూడదన్నారు. కొట్టేశాను. 'మా నాన్న' అని రాసుకున్నచోట 'ఒక వ్యవసాయ కూలీ' అని దిద్దాను. నాన్న చచ్చిపోయి అప్పటికి మూడేళ్లు. ఆ దిద్దుబాటు ఇప్పటికీ కలుక్కుమంటది.

లేచి ట్రంకుపెట్టెలోంచి నాన్న బడి సర్టిఫికెట్టు తీశాను. కులం దగ్గర 'ఆది ఆంధ్ర' అనుంది.

"ఈ పేరు ఎవరు పెట్టారమ్మా?"

"గవర్మెంటోళ్లు."

"కాదు. మనోళ్లే పెట్టుకున్నారు. మన బెజవాడలోనే."

వాకిట్లో నలుగురూ చేరారు. చెప్పుకుంటూ పోయాను. 1917 నవంబరులో బెజవాడలో పంచముల మహాసభ అని పిలిచారు. హైదరాబాదు నుంచి భాగ్యరెడ్డి వర్మ వచ్చి అధ్యక్షత వహించాడు. మనం పంచములమేంటి, ఈ నేల మీద మొదటోళ్లం మనమే అన్నాడు. పంచమ సభ కాస్తా ఆది ఆంధ్ర సభ అయింది. 1931 జనాభా లెక్కల్లో మాలలూ మాదిగలూ ఎంతోమంది ఆ పేరే రాయించుకున్నారు.

అమ్మ సర్టిఫికెట్టు మీద చెయ్యిపెట్టి నిమిరింది. ఆమెకి చదువు రాదు. "అయితే ఇది మనం రాయించిందే" అంది. నా మూడొందల పేజీలు ఆ ఒక్క మాటలో ఉన్నాయి.

అప్పుడు మాదిగ గూడెం నుంచొచ్చిన అవ్వ అడిగింది: "అబ్బాయ్, ఆ పేరులో మావోళ్లున్నారా? లేక మీరే ఉన్నారా?"

మాలపల్లెలో పుట్టినోణ్ణి. మాదిగలు అరుంధతీయులమని విడిగా ఎందుకు నిలబడాల్సి వచ్చిందో థీసిస్‌లో రెండు వాక్యాల్లో తేల్చేశాను. 1994లో దండోరా వేసి మరీ అడిగిన ప్రశ్నే ఇది. నన్ను పరీక్ష చేసిన ప్రొఫెసర్లు ఒక్కరూ అడగలేదు. అవ్వ అడిగింది. తల దించుకున్నాను.

ఆ తర్వాత విజయవాడలో ఒక హాస్టల్ పిల్లలకి ఇదే కథ చెప్పాను. పల్లెలో చెప్పినట్టే చెప్తే ఒక పిల్లోడు లేచాడు. "బాగుంది సార్. కాలేజీలో మేం చెప్తే రుజువేదంటారు. ఏ కాయితంలో ఉంది?" వాడికి తారీకులు కావాలి, పాత రికార్డులు కావాలి. వాడికవి కొట్లాటలో చేతికర్ర. పల్లెలో చెప్తే చాలని అప్పటిదాకా అనుకున్న నాకు, లైబ్రరీల్లో తిన్న దుమ్ము కూడా అవసరమేనని తెలిసింది.

ఇప్పుడు తెలుగులో మళ్లీ రాస్తున్నాను. 'వ్యవసాయ కూలీ'ని తీసేసి 'మా నాన్న' అని పెట్టాను. పిల్లోడి కోసం ప్రతి మాట కిందా ఆధారం పెడుతున్నాను. మొదటి అధ్యాయం అవ్వ ప్రశ్నతో మొదలైంది. జవాబు నా దగ్గర లేదు. రోజూ పొద్దుగూకాక కాలవ దాటి గూడెం పోతున్నాను. ఈసారి చెప్పడానికి కాదు, వినడానికి.