ఢిల్లీకి తొలి ప్రయాణం: ఏం చూడాలి, ఏ కంటితో చూడాలి?

భూమిలో సంచరించి, మనకు పూర్వం గతించిన వారి పర్యవసానం ఏమయిందో చూడమని దివ్య ఖుర్ఆన్ అనేక చోట్ల ఆదేశించింది. చూడడం అంటే కంటితో చూసి, హృదయంతో గ్రహించడం. మన దేశంలో ఈ ఆదేశాన్ని పాటించడానికి ఢిల్లీని మించిన స్థలం మరొకటి దొరకడం కష్టం. రాజవంశాలు ఒకదాని వెంట ఒకటి వచ్చి, ఒక్కొక్కటి తన కోటను కట్టుకుని, తన సమాధులను వదిలి వెళ్లిపోయిన నగరమది. అందుకే కుటుంబ సమేతంగా తొలిసారి ఢిల్లీ చూడదలచిన వారు టికెట్లు, బస గురించి ఆలోచించినట్లే, అక్కడి నుండి పిల్లలు ఏం నేర్చుకుని తిరిగి రావాలో కూడా ముందుగా ఆలోచించుకోవాలి.

మొదట సంకల్పాన్ని సరిచూసుకుందాం. భార్యాబిడ్డలను సంతోషపెట్టడం పుణ్యకార్యమే. అయితే అప్పు చేసి విహారయాత్రకు వెళ్లడం, చెల్లించవలసిన జకాత్‌ను, ఇతరుల బాకీని పక్కన పెట్టి వెళ్లడం వివేకం కాదు. ఉన్నదానిలో సర్దుకుని నాలుగు రోజులు చూసివస్తే చాలు. ముగ్గురు ప్రయాణంలో ఉంటే ఒకరిని అమీరుగా ఎన్నుకోమని దైవప్రవక్త (స) ఉపదేశించారు. ఈ సున్నత్‌ను కుటుంబ యాత్రలో పాటిస్తే ఎన్నో వాదులాటలు తగ్గుతాయి. ఏ రోజు ఎక్కడికి, ఎప్పుడు తిరుగు ముఖం అన్నది ఒకరి మాట మీద జరగాలి. ఆ ఒకరు ఇంటి పెద్దావిడ మోకాళ్ల నొప్పిని, చంటిబిడ్డ ఆకలిని దృష్టిలో పెట్టుకుని నిర్ణయించాలి.

ఇక కాలం. మన పిల్లలకు వేసవిలో సెలవులు ఎక్కువ కాబట్టి చాలామంది మే నెలను ఎంచుకుంటారు. ఆ నెలలో ఢిల్లీ ఎండ, వడగాలి పెద్దవారికి ప్రమాదకరం. సంక్రాంతి సెలవుల్లో పొగమంచు వల్ల రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి. పైగా జనవరి 26 వేడుకల సన్నాహాలతో కొన్ని మార్గాలు మూసివేస్తారు. దీపావళి తరువాత కొన్ని వారాలు గాలిలో పొగ ఎక్కువ. ఉబ్బసం ఉన్నవారు ఆ రోజులను తప్పించుకోవాలి. దసరా సెలవులు గానీ, ఫిబ్రవరి రెండవ సగం, మార్చి మొదటి సగం గానీ అనుకూలం. రైల్వే రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందు మొదలవుతుంది. హైదరాబాదు నుండి తెలంగాణ ఎక్స్‌ప్రెస్, విశాఖపట్నం నుండి ఏపీ ఎక్స్‌ప్రెస్ న్యూఢిల్లీ స్టేషనుకు చేరతాయి. దక్షిణ్ ఎక్స్‌ప్రెస్ హజ్రత్ నిజాముద్దీన్ స్టేషనుకు చేరుతుంది. ఏ స్టేషనులో దిగుతున్నారో చూసుకుని ఆ వైపే బస కుదుర్చుకుంటే, సామానుతో తిరిగే శ్రమ తప్పుతుంది.

ప్రయాణంలో నమాజు విషయం ఇంట్లోనే స్పష్టం చేసుకోవాలి. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం సుమారు 78 కిలోమీటర్లకు తగ్గని దూరానికి బయలుదేరినవారు తమ ఊరి హద్దు దాటినప్పటి నుండి ముసాఫిర్ అవుతారు. ఢిల్లీలో 15 రోజుల కన్నా తక్కువ ఉండే సంకల్పం ఉంటే జొహర్, అసర్, ఇషా ఫర్జ్ నమాజులను రెండేసి రకాతులుగా ఖసర్ చేయాలి. ఫజ్ర్, మగ్రిబ్, విత్ర్‌లలో తగ్గింపు లేదు. స్థానిక ఇమాము వెనుక చేస్తే పూర్తిగా నాలుగు రకాతులూ చేయాలి. జుమా ముసాఫిర్‌పై విధి కాదు గానీ, చేస్తే జొహర్‌కు బదులుగా నెరవేరుతుంది. మరొక సంగతి: పురావస్తు శాఖ రక్షణలో ఉన్న పాత కట్టడాలలో చాలాచోట్ల, అవి మస్జిదులైనా సరే, నమాజుకు అనుమతి ఉండదు. అక్కడ కాపలాదారుతో వాదన పెట్టుకోకుండా, సమీపంలోని మస్జిదు ఏదో ముందే తెలుసుకుని వెళ్లడం మంచిది.

మొదటి రోజును షాజహానాబాదుకు కేటాయించండి. అది సోమవారం కాకుండా చూసుకోండి, ఆ రోజు ఎర్రకోటకు సెలవు. 1638లో ఆరంభమై 1648లో పూర్తయిన ఈ కోటలో దీవానె ఖాస్ పాలరాతి మంటపం ముందు పిల్లలను నిలబెట్టి రెండు సంగతులు చెప్పండి. మొఘల్ చక్రవర్తులు కొలువుదీరినది ఇక్కడే. 1858లో చివరి చక్రవర్తి బహదూర్ షా జఫర్‌ను ముద్దాయిగా నిలబెట్టి ఆంగ్లేయులు విచారణ జరిపినదీ ఇక్కడే. ఆయనను రంగూనుకు పంపివేశారు. 1862లో ఆ పరాయి గడ్డ మీదే కన్నుమూశారు. అధికారాన్ని ప్రసాదించేవాడూ, తిరిగి తీసుకునేవాడూ అల్లాహ్ ఒక్కడే అన్న సత్యానికి ఇంతకంటే స్పష్టమైన వ్యాఖ్యానం పుస్తకాలలో దొరకదు.

కోట నుండి జొహర్ వేళకు జామా మస్జిద్‌కు చేరవచ్చు. 1656లో పూర్తయిన ఈ మస్జిదు ప్రాంగణంలో దాదాపు 25 వేల మంది నమాజు చేయగలరు. 1857 తిరుగుబాటు తరువాత ఆంగ్లేయులు దీనిని స్వాధీనం చేసుకుని, 1862లో తిరిగి ముస్లిములకు అప్పగించారు. అంటే సుమారు ఐదేళ్లు ఈ ప్రాంగణం సజ్దాలకు దూరమయిందన్నమాట. ఈ సంగతి తెలిసి చేసే రెండు రకాతుల నమాజుకు రుచే వేరు. మస్జిదుకు, కోటకు మధ్య మౌలానా అబుల్ కలాం ఆజాద్ సమాధి ఉంది. 1947 కల్లోలంలో, ఇల్లూ వాకిలీ వదిలి వెళ్లాలని చూస్తున్న ముస్లిములను ఈ జామా మస్జిద్ నుండే ఆయన సంబోధించి, ఈ గడ్డను విడిచి పోవద్దని కోరారు. ఈ రోజు మనం ఏ భయమూ లేకుండా టికెట్టు కొనుక్కుని రాజధాని చూడడానికి వచ్చామంటే, ఆనాడు నిలబడిన వారి ఓర్పు అందులో ఉంది.

అదే రోజు సాయంకాలం అజ్మేరీ గేటు వద్దకు నడిస్తే మన హైదరాబాదుతో ముడిపడిన చోటు ఒకటి కనబడుతుంది. అదే గాజీవుద్దీన్ ఖాన్ మద్రసా. దానిని కట్టించిన గాజీవుద్దీన్ ఖాన్ ఫిరోజ్ జంగ్, హైదరాబాదు తొలి నిజాము ఆసఫ్ జా తండ్రి. 1710లో మరణించిన ఆయన ఆ మద్రసా ఆవరణలోనే సమాధి అయ్యారు. ఆయన తండ్రి ఖిలిజ్ ఖాన్ 1687 నాటి గోల్కొండ ముట్టడిలో మరణించారు, ఆ సమాధి హైదరాబాదు సమీపాన హిమాయత్ సాగర్ వైపు ఉంది. తండ్రి దక్కనులో, కొడుకు ఢిల్లీలో నిదురిస్తున్నారు. ఈ మద్రసా తరువాతి కాలంలో ఢిల్లీ కాలేజీ అయింది. నేటికీ అక్కడ పాఠశాల నడుస్తూనే ఉంది. పాఠశాల వేళల్లో లోనికి వెళ్లాలంటే అనుమతి అడగాలి. అనుమతి దొరకకపోతే బయటి నుండి చూసినా చాలు.

రెండవ రోజు నిజాముద్దీన్ ప్రాంతానికి. హుమాయూన్ సమాధిని 16వ శతాబ్దిలో ఆయన భార్య కట్టించారు. తాజ్ మహల్ కంటే ముందు వచ్చిన ఈ తోట సమాధి యునెస్కో జాబితాలో 1993లో చేరింది. 1857 సెప్టెంబరులో బహదూర్ షా జఫర్ ఆశ్రయం పొంది, చివరికి లొంగిపోయినది ఈ ప్రాంగణంలోనే. నిన్న చూసిన దీవానె ఖాస్ కథకు ముందు భాగం ఇది. సమీపంలోని బస్తీలో హజ్రత్ నిజాముద్దీన్ ఔలియా (రహ్మ), ఆయన ప్రియశిష్యుడు అమీర్ ఖుస్రో సమాధులున్నాయి. ఇద్దరూ 1325లోనే పరమపదించారు. షాజహాను కుమార్తె జహానారా సమాధి కూడా అక్కడే ఉంది. చక్రవర్తి బిడ్డ అయి ఉండీ, తన సమాధిపై పచ్చగడ్డి తప్ప మరే కప్పూ వద్దని కోరుకున్న స్త్రీ ఆమె. ఆడపిల్లలకు తప్పక చూపించవలసిన సమాధి ఇది.

సమాధుల దర్శనం పరలోకాన్ని గుర్తుచేస్తుందని దైవప్రవక్త (స) సెలవిచ్చారు. అక్కడ మనం చేయవలసినది సలాం చెప్పడం, గతించిన వారి మన్నింపుకై దుఆ చేయడం. మన అవసరాలు అడుక్కోవలసినది మాత్రం అల్లాహ్‌నే. ఈ వివేచన పిల్లలకు ముందే తెలియజేస్తే, అక్కడి రద్దీలో, కానుకల కోసం చుట్టుముట్టే వారి నడుమ వారు అయోమయపడరు.

మూడవ రోజు మెహ్రౌలీ. సుమారు 73 మీటర్ల ఎత్తుగల కుతుబ్ మీనార్‌ను కుతుబుద్దీన్ ఐబక్ ఆరంభించగా ఇల్తుత్‌మిష్ ముందుకు నడిపించారు. పిడుగుపాటుకు దెబ్బతిన్న పైభాగాన్ని ఫిరోజ్ షా తుగ్లక్ బాగుచేయించారు. దాని పక్కనే ఉన్న కువ్వతుల్ ఇస్లాం మస్జిదు స్తంభాలను చూసినప్పుడు పిల్లలు ఒక ప్రశ్న అడుగుతారు. అడగకపోతే బడిలో తోటివారు వారిని అడుగుతారు. 27 ఆలయాల సామగ్రిని ఇందులో వాడినట్లు ఆ మస్జిదు శాసనమే చెబుతోంది. ఈ విషయాన్ని దాచిపెట్టడమూ, దానిని చూసి గర్వపడడమూ రెండూ తగవు. రాజుల చర్యలు షరీఅత్‌కు ప్రమాణం కావు. మఠాలు, చర్చీలు, యూదుల ప్రార్థనాలయాలు ధ్వంసం కాకుండా అల్లాహ్ కాపాడే విధానాన్ని ఖుర్ఆన్ హజ్ సూరాలో ప్రస్తావించింది. బైతుల్ మఖ్దిస్ స్వాధీనమైనప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) అక్కడి చర్చిలో నమాజు చేయడానికి ఇష్టపడలేదని, తన తరువాతివారు దానినే సాకుగా చేసుకుని ఆ చర్చిని తీసుకుంటారేమోనని వెనుదీశారని చరిత్రకారులు రాశారు. మన పిల్లలు తమ ధర్మాన్ని ఐబక్ కత్తిలో కాక, ఉమర్ (రజి) వెనుదీసిన ఆ అడుగులో చూడగలగాలి. అప్పుడు వారు ఎవరి ముందూ తల దించుకోనక్కరలేదు, ఎవరిపైనా తల ఎగరేయనక్కరలేదు.

మెహ్రౌలీ నుండి తిరుగు దారిలో హౌజ్ ఖాస్ చూడండి. అలావుద్దీన్ ఖిల్జీ తవ్వించిన చెరువు గట్టున ఫిరోజ్ షా తుగ్లక్ 14వ శతాబ్దిలో కట్టించిన మద్రసా అది. గోడలు నిలిచి ఉన్నాయి, గదులు ఉన్నాయి, నీటిపైకి తెరుచుకునే గవాక్షాలున్నాయి. లేనిది పాఠం ఒక్కటే. కట్టించిన సుల్తాను అక్కడే సమాధిలో ఉన్నారు.

నాలుగవ రోజు కొత్త ఢిల్లీ. రాష్ట్రపతి భవన్ లోపల చూడాలంటే ముందుగా ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలి. ఇండియా గేటు సమీపాన చివరి నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కోసం లుట్యెన్స్ రూపొందించిన హైదరాబాద్ హౌస్‌ను బయటి నుండే చూడగలం. మధ్యాహ్నం ఓఖ్లాలోని జామియా మిల్లియా ఇస్లామియాకు వెళ్లవచ్చు. 1897లో హైదరాబాదులో జన్మించి, ఈ విద్యాసంస్థ కోసం ఏళ్ల తరబడి స్వల్ప జీతంతో శ్రమించి, చివరికి దేశ రాష్ట్రపతి అయిన డాక్టర్ జాకిర్ హుసేన్ సమాధి ఆ ఆవరణలోనే ఉంది.

చివరిగా, యాత్రికుల జాబితాలలో సాధారణంగా కనబడని చోటు ఒకటుంది. ఢిల్లీ గేటు సమీపాన మెహ్‌దియాన్ ఖబరస్తాన్‌లో షా వలీయుల్లా దెహ్లవీ (రహ్మ), ఆయన కుటుంబీకుల సమాధులున్నాయి. 1703లో పుట్టి 1762లో మరణించిన ఆ మహనీయుడు తన తండ్రి స్థాపించిన మద్రసా రహీమియాలో పాఠాలు చెప్పారు. చదువుకున్నవారు పారశీకం చదివే ఆ కాలంలో ఖుర్ఆన్‌ను ఆ భాషలోకి అనువదించారు. ఆయన కుమారులు షా రఫీవుద్దీన్, షా అబ్దుల్ ఖాదిర్ ఉర్దూలోకి తెచ్చారు. అల్లాహ్ వాక్కు ప్రజలకు తెలిసిన భాషలో వారికి అర్థం కావాలన్న ఆ పట్టుదలే, నేడు మన ఇళ్లలో తెలుగు ఖుర్ఆన్ తెరిచినప్పుడు మనకూ ప్రయోజనం ఇస్తోంది. అక్కడ గుమ్మటాల ఆడంబరం లేదు, టికెట్టు లేదు. అయినా సుల్తాను కట్టించిన రాతి మద్రసాలో నిలిచిపోయిన పాఠం, ఈ సాదా సమాధుల్లో ఉన్నవారి శిష్యపరంపరలో ఇంకా కొనసాగుతోంది. నాలుగు రోజుల ఢిల్లీ ప్రయాణంలో పిల్లలకు ఈ తేడా ఒక్కటి తెలిసినా మీ ఖర్చు వృథా కాదు.

పని పూర్తికాగానే ఇంటివారి వద్దకు త్వరగా మరలమని ప్రయాణికులకు ప్రవక్త (స) ఉపదేశం. ఐదవ రోజు మిగిలి ఉన్నా, పెద్దలు అలసిపోయి ఉంటే తిరిగి రండి. ఢిల్లీ ఎక్కడికీ పోదు. ముసాఫిర్ దుఆ స్వీకృతమవుతుంది కాబట్టి, రైలులో కూర్చున్నప్పుడు మీ పిల్లల విద్య కోసం, ఈ దేశంలో శాంతి కోసం, మనందరి సత్పర్యవసానం కోసం దుఆ చేయండి. అల్లాహ్ మన ప్రయాణాలను జ్ఞానానికి, వినయానికి మార్గంగా చేయుగాక! ఆమీన్.